అచ్చు తప్పిన నాణెం

"దీనికి సరిపోయే డబ్బీ ఉంటుందా అండీ?"

వాచీల దుకాణంలోకి వచ్చిన పెద్దాయన భుజానున్న సంచి దింపి, రుమాలు మడత విప్పాడు.

స్మారక నాణెం. వంతెనకు నూరేళ్ళు నిండినప్పుడు వేసింది.

వాచీలాయన కంటికి భూతద్దం పెట్టుకున్నాడు.

వంతెన బొమ్మ రెండుసార్లు పడింది. టంకశాలలో అచ్చు తప్పిన నాణెం! పాతవీ కొత్తవీ అన్ని స్మారక నాణేలూ ఉన్న అతని ఆల్బంలో ఇన్నేళ్ళుగా ఖాళీగా ఉన్నది ఆ ఒక్క గడే.

"ఎవరికండీ?" గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకున్నాడు.

"మా తమ్ముడికి. కానుక."

"అయితే కాస్త తుడిచి పెడతాను, కూర్చోండి."

వెనక్కి తిరిగి సొరుగు లాగాడు. అందులో అదే వంతెన నాణెం, ఏ లోపమూ లేనిది, అదనంగా పడుంది. దాన్ని డబ్బీలో పెట్టి మూత నొక్కాడు. పెద్దాయనది జేబులో వేసుకున్నాడు.

"ఎంతివ్వమంటారు?"

"భలేవారే! ఈమాత్రం దానికి డబ్బులేమిటి!"

"మంచి మనసు బాబూ మీది."

పెద్దాయన వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం వెళ్ళలేదు.

మెరుగైనదే ఇచ్చాను కదా అనుకున్నాడు. తెలియనివాళ్ళకు ఏదైతేనేం అనుకున్నాడు. అనుకున్నకొద్దీ జేబు బరువెక్కింది. బాగుచేస్తున్న వాచీ ముల్లు విరిచాడు. ఆయన తిరిగొస్తే ఇచ్చేయాలనీ, అసలు రాకుండా ఉంటే బాగుండుననీ ఒక్కసారే కోరుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే భార్య ఎదురొచ్చింది.

"ఎవరొచ్చారో చెప్పుకోండి! మీ ఉత్తరాల అన్నయ్య!"

ఏళ్ళ తరబడి నాణేలు ఇచ్చిపుచ్చుకుంటూ ఒక్కసారైనా ముఖం చూడని నేస్తం. ఆ ఉత్తరాల్లో నాణేల ఊసు తప్ప మరో ముక్క ఉండదు.

"అన్నయ్యా! ఏరీ? దుకాణానికి పంపకపోయావా?"

"కొన్నాళ్ళుంటానని సంచి కూడా దింపారండీ. కూర్చుని ఏదో డబ్బీ విప్పి చూసుకున్నారు. ముఖం వాడిపోయింది. తలెత్తి గోడమీద మీ ఫొటో చూసి, 'ఈయనేనా అమ్మా?' అన్నారు. ఔనన్నాను. అంతే, సంచి మళ్ళీ భుజానేసుకున్నారు."

అతని చెయ్యి జేబు మీదే ఆగిపోయింది.

"'ఇదేం రావడం బావగారూ, ఆయనొస్తే నన్ను తిడతారు, ఏం చెప్పమంటారు?' అని గుమ్మం దాకా వెంటపడ్డాను."

"ఏమన్నారు?"

"నాకేం అర్థం కాలేదండీ. 'తమ్ముడి కోసం తెచ్చింది పొద్దున్నే తమ్ముడికి చేరిందిలే అమ్మా' అన్నారు."