పొద్దుటి పలకరింపు

"తిన్నారా బాబాయ్ గారూ?" అని ఆవిడ అడిగితే, "ముందు నువ్వు తిన్నావా చెప్పు" అని ఫోన్‌లో ఎదురు ప్రశ్న వేశాడు పెద్దాయన.

తిన్నానంది. ఏం తిన్నావన్నాడు. రాత్రి మిగిలిందేదో తిన్నానని చెప్పేసరికి, చల్లారిపోయింది తింటే తిన్నట్టే కాదనీ, వేడిగా ఏదైనా వండుకు తిని మళ్ళీ ఫోన్ చెయ్యమనీ, అప్పటిదాకా తనూ ఏమీ ముట్టననీ భీష్మించుకు కూర్చున్నాడు. ఎక్కడి మొండిఘటం దొరికాడురా బాబూ అని విసుక్కుంటూనే ఆవిడ స్టవ్ వెలిగించింది. పొద్దుటిపూట ఆ స్టవ్ వెలిగి చాలా కాలమైంది.

ఈ పని అంటగట్టింది చెల్లెలు. ఒంటరిగా ఉండేవాళ్ళని రోజూ పొద్దున్నే ఫోన్‌లో పలకరించే ఏర్పాటొకటి మున్సిపాలిటీ పెట్టిందనీ, ఇంట్లో కూర్చుని చేసేదేననీ చెప్పి, సంక్షేమ అధికారిణిని వెంటబెట్టుకొచ్చింది.

"ఒక పెద్దాయన ఉన్నారండీ. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఒక్కరే ఉంటారు, ఎవరి మాటా వినరు. మీరైతే ఓపిగ్గా మాట్లాడతారని..." అంటూ అధికారిణి నసిగింది. కాదని వాదించే ఓపిక లేక ఆవిడ సరేనంది.

ఆవిడా, భర్తా కలిసి ఇంటి ముందుగదిలో కుట్టు దుకాణం నడిపేవాళ్ళు. ఆయన కత్తిరిస్తే ఈవిడ కుట్టేది. ఆయన పోయాక షట్టరు దించేసి, మిషన్ మీద దుప్పటి కప్పేసింది. పాలూ కూరగాయలూ చెల్లెలే తెచ్చిపెడుతోంది. వీధిలోకి వెళితే ఎవరో ఒకరు ఆయన ఊసెత్తుతారు. ఆ జాలి చూపులు భరించలేక బయటికి వెళ్ళడమే మానేసింది.

పెద్దాయనకి ఇవేవీ పట్టినట్టు లేదు. పలకరిస్తే చాలు, ఏదో ఒకటి పురమాయించేవాడు. ఆవిడ ఇంటి వెనక వీధి పార్కులో మున్సిపాలిటీ కొత్తగా నడకదారి వేసిందట. తన మోకాళ్ళు అసలే అంతంతమాత్రం, రాళ్ళు జారతాయో లేదో చూసి చెప్పమన్నాడు. ఆవిడ చెల్లెల్ని పంపి, బాగానే ఉందట అని చెప్పింది. కుళాయి ఏ పక్కన ఉంది, బెంచీల మీద నీడ పడుతోందా అని ఆరా తీస్తే నీళ్ళు నమిలింది.

"మీ చెల్లెలు చూసింది నాకెందుకు తల్లీ? నువ్వు చూసింది చెప్పు" అన్నాడు.

ఇంకా జనం లేవకముందే, చెంగు తలమీదికి లాక్కుని వెళ్ళొచ్చింది. కుళాయి దగ్గర పాచి పట్టిందని చెబితే, ఆ ఫిర్యాదు కూడా ఆవిడ చేతే చేయించాడు. వారం తిరక్కుండా పాచి గీకేశారని తెలిసి, మళ్ళీ వెళ్ళి చూసుకుని మరీ వచ్చింది.

ఇంకోసారి మున్సిపాలిటీ వ్యానులో చిరిగిన చొక్కాలు పంపాడు. కళ్ళు ఆనక సూదిలో దారం ఎక్కడం లేదట. ఆవిడ చాలాసేపు తటపటాయించి, మిషన్ మీద దుప్పటి తీసింది. చిరుగులు చూస్తే కత్తెర పెట్టినంత తిన్నగా ఉన్నాయి. ఎలా చించుకున్నాడో మహానుభావుడు అనుకుంది. మిషన్ చప్పుడు వినగానే దుఃఖం పొంగుకొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే చొక్కాలన్నీ కుట్టేసింది.

మర్నాడు ఆయన, కుట్టు ఫరవాలేదు గానీ కాలరు కాస్త వంకర పోయిందన్నాడు. తన కుట్టుకి ఇంతవరకూ వంకపెట్టిన మనిషి లేడు. ఆ రోజంతా ఆవిడ రుసరుసలాడుతూనే ఉంది. తనకి కోపం వచ్చి ఎన్నాళ్ళయిందో సాయంత్రానికి గాని తోచలేదు.

అలాంటి పెద్దాయన ఒకరోజు ఫోన్ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ మళ్ళీ చేసింది. అధికారిణికి చేస్తే, వ్యాను ఊరికి ఆ చివర ఉందనీ, రావడానికి సమయం పడుతుందనీ చెప్పి, ఆయన ఇంటి గుర్తులు చెప్పింది. బస్టాండు వెనక సందు, నీలం గేటు.

చెల్లెలికి కబురు పెట్టాలని కూడా ఆవిడకి తట్టలేదు. చెప్పులు వేసుకుని, తలుపుకి తాళం పెట్టి బయల్దేరింది. దారిలో ఎవరెవరో పలకరించారు. ఎవరికేం జవాబిచ్చిందో ఆవిడకే తెలియదు. దొరికిన బస్సెక్కి, నిలబడే వెళ్ళింది.

నీలం గేటు తోసేసరికి వరండాలో పడక్కుర్చీ, అందులో పెద్దాయన. కాలు స్టూలు మీద పెట్టుకుని నిమ్మళంగా పేపరు చదువుకుంటున్నాడు.

"ఫోన్ ఎత్తడానికేం మీకు? ఇక్కడ మీకేదైనా అయితే నేనేమైపోవాలి?" అంది. మెట్టుమీదే కూలబడింది.

ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయానని ఆయన గొణిగాడు. పేపరు మడిచి, "ఎలా వచ్చావమ్మా?" అన్నాడు.

"బస్సులో."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే" అంది. అన్నాక గాని ఆ మాట తనకే వినపడలేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆవిడే లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. తాగుతూ చివాట్లు పెట్టింది, చివాట్లు పెడుతూ నవ్వింది. బస్టాపు దగ్గర దుకాణానికి ఎప్పటినుంచో వచ్చే ఒకావిడ కనిపించి, పిల్లల స్కూలు బట్టలు నువ్వే కుట్టాలని పట్టుబట్టిందట. రేపు షట్టరు ఎత్తి చూస్తానంది. ఫోన్ కాస్త ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దనీ, ఆదివారం తనే వచ్చి పార్కుకి తీసుకెళతాననీ చెప్పి లేచింది.

ఆవిడెక్కిన బస్సు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడి చూశాడు పెద్దాయన. తర్వాత లోపలికి వెళ్ళి, సంక్షేమ అధికారిణికి ఫోన్ చేశాడు.

"ఈవిడ గడప దాటిందమ్మా, ఇంకొకరి నంబరివ్వు."