చెయ్యి తీశావా?

వల వేసి తిరిగొస్తుంటే, చీకట్లో, కొల్లేరు నడిమధ్యన పోలరాజు పడవ ఆగిపోయింది. నీళ్లమీద అల్లుకున్న గుర్రపుడెక్క, అడుగున తిరిగే ఇంజను ఫ్యానుకి చుట్టుకుంది.

అతను తొందరపడలేదు. ఇంజను చల్లారేదాకా బీడీ కూడా వెలిగించకుండా కూర్చున్నాడు. తరవాత ప్లగ్గు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ప్లగ్గు లేని ఇంజను రాయితో సమానం. అప్పుడే ఫ్యానులో చెయ్యి పెట్టాలి.

నడుంలోతు నీళ్లలోకి దిగి, అలవాటు కొద్దీ పడవకేసి చూసి, "లాగమాకే!" అన్నాడు.

పడవలో ఎవరూ లేరు. ఇరవై ఏళ్లు ఆ స్టార్టు తాడు లాగింది అతని భార్య సన్యాసమ్మ. మూడుసార్లు లాగితే గాని అంటుకోని ఇంజను అది. "చెయ్యి తీశావా, మావా?" అని అడక్కుండా ఆవిడ ఏనాడూ తాడు ముట్టుకోలేదు. ఆవిడ పోయి ఆర్నెల్లయింది.

ఫ్యాను రెక్కల మధ్య బిగుసుకున్న డెక్క వేళ్లను ఒక్కొక్కటే పీకి పారేస్తూ, "అయిపోవచ్చిందే, ఇంకొక్క పోగు" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పడవలో తాడు సర్రున సాగి, వెనక్కి చుట్టుకుంది.

కాసేపు ఏ చప్పుడూ లేదు. మళ్లీ సాగింది.

పోలరాజు రెండో చేత్తో జేబు తడుముకున్నాడు. ప్లగ్గు ఉంది. ఇందాక చల్లగా ఉన్నది ఇప్పుడు చుర్రుమంది.

భయం కన్నా ముందు ఆశ పుట్టింది అతనికి. చెయ్యి రెక్కల మధ్యే ఉంచి, ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు.

ఎవరూ ఏమీ అడగలేదు. తాడు మూడోసారి సాగింది.