టైం రాయని చావు కాగితం

మా దగ్గర ఎవరైనా పోతే పేరూ, వయసూ, అంత్యక్రియల టైమూ నల్ల అంచు కాగితం మీద అచ్చువేసి ఊరి గోడకు అంటిస్తారు. స్కూల్ టూర్ రెండో రోజు పొద్దున అలాంటిదొకటి మా క్లాసమ్మాయి పేరు మీద సరదాకి నా చేత్తో రాసి, మేం ఆగిన కొండ ఊళ్లో అంటించాను. 'డెల్ఫీనా సార్తి, పదిహేడేళ్లు.' క్లాసంతా పడీపడీ నవ్వింది. డెల్ఫీనా ఏడవలేదు. దగ్గరికెళ్లి మొత్తం చదివింది.

“టైం రాయలేదేం, తుల్లియో?”

“నీకెప్పుడు వీలైతే అప్పుడే,” అన్నాను.

ఆ రాత్రి ఇంకో ఊళ్లో టైరు పంక్చరై బస్సు ఆగింది. నేనూ, నా ఫ్రెండ్ రెన్జో ఒంటికి వెళ్లడానికి దిగాం. వీధిలో దీపాల్లేవు. గోడ మీద బ్రష్షు తడిగా రాసుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఒక ముసలాయన జిగురు బకెట్ పక్కన పెట్టుకుని కాగితం అంటిస్తున్నాడు.

ఫోన్ వెలుగు వేశాను. నల్ల అంచు, అచ్చు అక్షరాలు. డెల్ఫీనా సార్తి, పదిహేడేళ్లు. అంత్యక్రియలు రేపు ఉదయం పది గంటలకు.

“ఇది ఎవరిచ్చారు తాతా?”

“మీరేగా బాబూ రాసిచ్చింది. టైం ఒక్కటే లేదు. అది మేం వేసుకున్నాం.”

రెన్జో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “డెల్ఫీనాకి చెబుదామా?”

“ఎందుకు? మనవాళ్లెవర్నీ దాని పక్కన కూర్చోనివ్వకు, చాలు.”

బస్సెక్కాం. అందరూ నిద్రలో ఉన్నారు. డెల్ఫీనా కూడా కళ్లు మూసుకునే ఉంది. చప్పుడు చేయకుండా ఆమె సీటు దాటబోయాను.

“టైం వేశారా?” అంది.