అది ఫిన్నిష్ కాదు

స్పీకర్‌లో ఒక ముసలాయన గొంతు, గరగరల మధ్య తెగిపోతూ వస్తోంది.

తీర రక్షణ కేంద్రంలో ఆపద పిలుపులు వినే రేడియో ముందు కూర్చున్న నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"ఫిన్నిష్‌లా ఉంది," అన్నాను.

మా అధికారి ఓడెగార్ పటం మీద వేలు తూర్పుకి జరిపాడు. "అయితే పొద్దున ఇటుగా వెళ్ళిన ఫిన్లాండ్ సరుకు ఓడ వాళ్ళే. సరిహద్దు వైపు ఉంటారు. రక్షణ పడవని అటు పంపు."

నార్వే ఉత్తరపు కొసన ఈ వరాంగెర్ తీరానికంతటికీ ఉన్నది ఒకటే రక్షణ పడవ. ఫిబ్రవరి నీళ్ళు. బయట మంచు ముసురు.

పడవ బయల్దేరింది.

నేను మర్చిపోయిన భోజనం డబ్బా పట్టుకుని అప్పుడే వచ్చిన అమ్మ, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అది ఫిన్నిష్ కాదు."

"నీకెలా తెలుసమ్మా?"

"మాటల్లో ఊపిరి వదులుతున్నాడు, విను. ఫిన్లాండ్ వాళ్ళు అలా వదలరు. క్వెన్ అది. మన భాష."

మన, అంది. తను క్వెన్ అని అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు.

బళ్ళో, ఎప్పుడో ఫిన్లాండ్ వైపు నుంచి వలసొచ్చిన ఆ క్వెన్ వాళ్ళ పిల్లల్ని ఏడిపించుకు తిన్నవాణ్ణి నేను. ఇంటికొచ్చి వాళ్ళ యాస అమ్మకి అభినయించి చూపించేవాణ్ణి. అమ్మ బంగాళాదుంపల తొక్క తీస్తూ వినేది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"మన దేశం వాడైతే నార్వేజియన్‌లో చెప్పొచ్చుగా, హిల్డాగారూ?" అన్నాడు ఓడెగార్.

"ప్రాణం మీదికొచ్చాక భాష ఎంచుకుంటామా?"

అమ్మ మైకు లాక్కుంది. నేనెప్పుడూ వినని గొంతుతో గబగబా మాట్లాడింది.

"ఆయన పడవ రాతి తిప్పకి కొట్టుకుందట. ఒక్కడే ఉన్నాడు. తిప్ప పేరు చెబుతున్నాడు గానీ, మీ పటంలో ఉండదు. మావాళ్ళు పెట్టిన పేర్లు అందులో వెయ్యలేదు."

మళ్ళీ ఏదో అడిగింది.

"మంచు కమ్మేముందు చర్చి శిఖరం కొండ అంచున సగం కనిపించిందట. చేపలు ఎండేసే దండేలకి సూటిగా రెండో కొండ ఉందట."

ఆ గుర్తులు పట్టుకుని పటం మీద రెండు గీతలు గీశాను. అవి పడమట కలిశాయి.

"తప్పయితే ఇంకోసారి తిప్పడానికి టైముండదు," అన్నాడు ఓడెగార్.

"మా అమ్మ చెప్పింది," అన్నాను. పడవని వెనక్కి తిప్పించాను.

నలభై నిమిషాలు. అవతలి గొంతు సన్నబడినప్పుడల్లా అమ్మ గద్దించింది. నిద్రపోవద్దంటోందని భాష రాని నాకూ తెలుస్తూనే ఉంది.

ఆ గొంతు ఆగిపోయింది.

అమ్మ మాట్లాడుతూనే ఉంది.

చివరికి రక్షణ పడవ పలికింది. "దొరికాడు. బతికే ఉన్నాడు."

లాగ్ పుస్తకంలో టైము రాశాను.

కాసేపటికి ఆ పడవ రేడియోలోంచే ముసలాయన ఏదో అడిగాడు. అమ్మ మైకు కింద పెట్టింది.

"ఏమంటున్నాడు?"

"ఎవరమ్మాయివని అడుగుతున్నాడు."

"చెప్పమ్మా."

అమ్మ ఓడెగార్ వంక చూసింది. నా వంక చూసింది. మైకు దగ్గరికి తీసుకుని ఒక పేరు చెప్పింది.

మా తాత పేరు నేను వినడం అదే మొదటిసారి.