కోచ్‌కు పెట్టిన సున్నుండలు

లోకమంతా కంప్యూటర్లు ఆగిపోతాయని భయపడిన ఏడాది, సింగపూర్‌లో నాకు మాత్రం మనవరాలు అనన్య కాళ్ల గురించే బెంగ. పిల్ల కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో చేరింది మరి.

మొదటి కోచ్ మోకాళ్లు చీరుకుపోయేదాకా పరుగెత్తించాడు. తర్వాతాయన గోల్ ముందు నిలబెడితే బంతొచ్చి మూతికి తగిలింది. ఈ కొత్తాయన బంగారం! మ్యాచ్ మొత్తం బెంచీ మీదే కూర్చోబెడతాడు.

సంతోషం పట్టలేక డబ్బా నిండా సున్నుండలు చుట్టి, యీషున్ గ్రౌండ్‌కి పట్టుకెళ్లాను.

“అయ్యో అమ్మమ్మా, కోచ్‌కెందుకు? ఎంబరాసింగ్ లా!” అంది అనన్య, సింగపూర్ యాసలో.

“నువ్వు కూర్చోవే,” అని డబ్బా ఆయన చేతిలో పెట్టి దణ్ణం పెట్టాను. కళ్లు చెమ్మగిల్లాయి.

ఆయన ఒక ఉండ నోట్లో వేసుకున్నాడు. నన్ను చూశాడు, బెంచీ మీది పిల్లను చూశాడు.

“అనన్యా, గో!”

“వద్దు నాయనా!” అంటూ మైదానం అంచు గీత వెంబడి పరుగెత్తాను. తెలుగు రాని ఆయన నవ్వుతూ బొటనవేలు చూపించాడు. అంతలో అనన్య తన్నిన బంతి వలలో పడింది! నేనే అందరికంటే ముందు గంతేశాను.

అనన్య వచ్చి నన్ను ఎత్తి గిరగిరా తిప్పేసింది. “ఆడించట్లేదని రోజూ బాత్‌రూమ్‌లో ఏడుస్తున్నా. నీకెలా తెలిసింది అమ్మమ్మా?”

“నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందే!” అన్నాను, దాన్ని గట్టిగా పట్టుకుని.