పసుపు సెలైన్

"ఊరందరికి పసుపు సెలైన్ ఎక్కిస్తవ్, కన్నతల్లికి మాత్రం చెయ్యి రాదారా?" రొమ్ము అదుముకుంటనే మణెమ్మ కొడుకు మీద లేచింది.

ఇబ్రహీంపట్నంల ఆరెంపీ డాక్టరు శ్రీపాల్‌ తల్లి నాడి పట్టి చూసిండు. "అమ్మా, ఇది గుండెపోటు. అంబులెన్సుకు ఫోన్ చేసిన. పెద్ద దవాఖానకు పోదాం."

పక్క మంచం మీద అదే సెలైన్ ఎక్కించుకుంటున్న ఈదమ్మ నవ్వింది. "పానం పోతుందని వచ్చిన. సగం సీసాకే లేచి కూసున్న. ఎక్కియ్యి బిడ్డా."

"అది ఉత్త ఉప్పునీళ్లు! రంగు కోసం బలం సూది కలుపుత, గంతే!" ఇన్నేండ్లకు శ్రీపాల్ నోట నిజం వచ్చింది.

"చూసినవా వదినె? తల్లికి పెట్టాల్సొస్తే గిట్ల మాట్లాడుతున్నడు," అన్నది ఈదమ్మ.

మణెమ్మ కదలనని మొండికేసింది. అంబులెన్సు వచ్చేదాకనన్న ఊకుంటదని శ్రీపాల్ సీసా తగిలించిండు. పసుపు చుక్కలు దిగుతుంటే ఆమె మొఖం విచ్చుకున్నది.

"నొప్పి పోయింది బిడ్డా. నీ హస్తవాసి మంచిది."

ఆ మొఖం చూసి శ్రీపాల్ సుత నమ్మిండు. వచ్చిన అంబులెన్సును వాపస్ పంపిండు.

సీసా అయిపోకముందే మణెమ్మ పానం పోయింది.

కండ్లు తుడుచుకుంట ఈదమ్మ అన్నది: "తల్లికాడ గూడ పిసినారితనమేనా? జర ముందుగాల ఎక్కిస్తే బతుకుతుండె గదరా!"