పల్లెత్తు మాట

చిట్టియ్య చర్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, పాట మధ్యలోనే ఆగిపోయింది.

అతను జైలు నుంచి వచ్చి మూడు రోజులైంది. ఏడాదిన్నర శిక్ష. ధవళేశ్వరం కాలవగట్టు మీద సంఘపెద్ద చంద్రరావు కారు చెట్టుకు గుద్దుకుని, ఆయన భార్య సుగుణమ్మ అక్కడికక్కడే పోయింది. చిట్టియ్య వాళ్ల డ్రైవరు.

అందరి కళ్లూ ముందు వరసలో కూర్చున్న చంద్రరావు మీదే. పాపం, పెళ్లాన్ని పోగొట్టుకుని కూడా ఆ డ్రైవర్ని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదాయన. అంత నిగ్రహం ఎవరికొస్తుందండీ! కానీ ఎంతటివాడైనా మనిషే కదా. ఇవాళ ఎదురుపడ్డాక ఆగగలడా?

చంద్రరావు మాత్రం, 'ఈ ఒక్క పూటా ఎవరి నోరూ జారకుండా చూడు ప్రభువా' అనుకున్నాడు.

జారనే జారింది. ఆడవాళ్ల వైపు నుంచి కూతురు కెజియా దిగ్గున లేచింది.

"మా అమ్మని పొట్టనబెట్టుకుని, ఏ మొహం పెట్టుకుని వచ్చావురా? నీ చేతులు పడిపోను!"

చంద్రరావు చప్పున వెనక్కి తిరిగాడు. "అమ్మా కెజియా! దేవుడి మందిరమిది. నోరు అదుపులో పెట్టుకో."

"మీరెలా ఊరుకుంటున్నారు నాన్నా?" ఏడుస్తూ కూలబడింది పిల్ల.

పాస్టరు గారి కళ్లు చెమర్చాయి. "చూశారా, నాలుకకి కళ్లెం వేయడమంటే అదీ!"

తర్వాత సాక్ష్యాల వేళ. దారి తప్పి తిరిగొచ్చినవాళ్లు సంఘం ముందు నిలబడి, నోటితో ఒప్పుకోవాలి. అది అక్కడి ఆనవాయితీ.

"చెప్పు చిట్టియ్యా. ఏదీ దాచకు" అన్నారు పాస్టరు గారు.

చిట్టియ్య మైకు పట్టుకున్నాడు. అతను జైల్లో ఉండగానే తల్లి పోయింది. చివరిచూపు కూడా దక్కలేదు. దేవుడు ఊరికే వదుల్తాడా అనుకున్నారు అప్పట్లో జనం. అతను తలెత్తి కెజియా వైపు చూశాడు. చంద్రరావు కళ్లు మూసుకున్నాడు.

"పాపగారికి తల్లి లేకుండా పోయిందండి. ఆ పిల్ల కోసం ప్రార్థన చేయండి" అన్నాడు చిట్టియ్య.

"అంతేనా? తప్పయిందన్న మాటే లేదు, పొగరు చూడు!" వెనక ఎవరో గొణిగారు.

ఆరాధన అయ్యాక, అందరూ చూస్తుండగా చంద్రరావు వెళ్లి చిట్టియ్యని కౌగిలించుకున్నాడు. తప్పలేదు. జనం "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఆ కౌగిట్లోనే చిట్టియ్య ఆయన చెవిలో మెల్లిగా అన్నాడు.

"వణక్కండి అయ్యగారూ, ఆ రోజు కారు తోలింది మీరని పాపగారికి చచ్చినా చెప్పనండి."